గుండె మీద పిడికిలి

మా సింహాద్రి బావ మంచోడు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, చివర్లో చెప్తే మీరు నమ్మరు.

పోయిన మాఘమాసంలో మా అబ్బాయి సుమంత్ పెందుర్తిలో ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేశాడు. నాకు బైపాస్ అయ్యి అప్పటికి పదిహేను నెలలు. వ్రతం అయిపోయాక సెల్లారులో బల్లలు వేసి భోజనాలు పెట్టారు. అందరి ఆకుల్లో పులిహోర, గారెలు, గుత్తివంకాయ. నా ఆకులో ఉప్పెయ్యని పప్పు, నూనె మొహం చూడని బీరకాయ. నా వెనకాల మా ఆవిడ గౌరీశ్వరి కాపలా. ఎదురు బల్ల దగ్గర ఆవిడ సొంత అన్న సింహాద్రి, నాకంటే రెండేళ్ళు పెద్ద, అరవై నాలుగు నిండినవాడు, ఏడో గారె నములుతూ నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ఇహ మొదలెడతాడు అనుకున్నాను.

సుమంత్ ఆఫీసువాళ్ళలో ఎవరో, "అంకుల్, ఇప్పుడు హెల్త్ ఎలా ఉంది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే బావ లేచి నిలబడ్డాడు.

"నాను సెప్తాను బాబూ. ఆ దినం పక్కనున్నోడ్ని నాను. మా రమణమూర్తి బావకి గుండెపోటు ఎలాగొచ్చినాదో సూడండి."

కుడిచెయ్యి పిడికిలి బిగించాడు. రొమ్ము మధ్యలో ఆనించుకున్నాడు. కళ్ళు తేలేసి, మోకాళ్ళు వంచి, సన్నటి గొంతుతో, "ఆయ్... గౌరీ... ఆయ్..." అన్నాడు.

సెల్లారంతా నవ్వింది. ఆ 'ఆయ్' నాది. మా నాన్న కోనసీమ నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చాడు. నేను పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకున్నది ఈ విశాఖపట్నంలోనే అయినా, నాన్న నోట్లో ఉన్న ఆ ముక్క నాకు అంటుకుని వదల్లేదు. గుండె పగిలిపోతున్నప్పుడు కూడా అదే వచ్చిందంటే నేనేం చెయ్యను.

బావ అలా చెయ్యడం అది పదకొండోసారి. మొదటిసారి ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయ్యి లిఫ్టులో దిగుతుంటేనే చేశాడు, నర్సమ్మలు కూడా నవ్వారు. తర్వాత గాజువాక బజార్లో, పెళ్ళిబస్సులో, చేపల మార్కెట్టులో. అన్నిసార్లూ నేనూ నవ్వాను. నవ్వకపోతే, కోపం గుండెకి మంచిది కాదని దానికీ ఒక నవ్వు నవ్వుతారు. కానీ ఆ రోజు వెనక్కి తిరిగి చూస్తే గౌరీశ్వరి కూడా నవ్వుతోంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలాగా. ఆ పోటు వచ్చిన రోజు ఆటోలో నా తల ఒళ్ళో పెట్టుకుని దేవుళ్ళందరికీ మొక్కిన మనిషి. ఒళ్ళు మండిపోయింది నాకు. ఒకటే కోరిక పుట్టింది. బావ ఇంకెప్పుడూ నలుగురిలో ఆ పిడికిలి పట్టకూడదు. పట్టినా ఎవరూ నవ్వకూడదు.

"అయినా నీకు బయం కొత్తేటి కాదులే బావా," అన్నాడు మళ్ళీ కూర్చుంటూ. "ముప్పై ఏళ్ళు సముద్రం మీద కూకున్నావు. ఒక్క దినం కాలు తడుపుకున్నావేటి?"

నిజమే. నేను పోర్టులో క్రేను ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. తొంభై అడుగుల ఎత్తులో గాజుగది నాది. కింద ఓడ కడుపులో ఏముందో నాకు కనిపించదు. అంచున సిగ్నల్ మేన్ నిలబడి చెప్పాలి. ఇరవై ఏళ్ళు నాకు ఆ సిగ్నల్ మేన్ మా బావే. 'ఆరియా' అంటే దింపు, 'హాబీస్' అంటే ఎత్తు. ఆ రొదలో మాట ఎవడికి వినిపిస్తుంది, అంతా చేతులతోనే. వేలు కిందికి తిప్పితే దింపాలి, పైకి తిప్పితే ఎత్తాలి. పిడికిలి చూపిస్తే ఉన్నది ఉన్నచోట ఆపెయ్యాలి, ఎందుకని అడక్కూడదు. బరువు కింద మనుషులుంటారు. బావ పిడికిలి పడితే నా చేతులు నన్నడక్కుండానే ఆగిపోయేవి.

"తడుపుకుంటాను," అన్నాను. "కాలు కాదు, తలతో సహా. రుషికొండలో స్కూబా నేర్పుతున్నారు. సముద్రం అడుక్కి దిగుతాను."

డాక్టరు ఈత కొట్టమంటే ఎనిమిది నెలలుగా పూల్‌కి వెళ్తున్నాను. అక్కడెవరో ఈ స్కూబా సంగతి చెప్పారు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే లేదు, కోపంలో నోటికొచ్చేసింది. మళ్ళీ నవ్వులు. అందరికంటే గట్టిగా బావ నవ్వాడు.

"నువ్వు దిగితే నీ ఎనకాలే నానూ దిగుతాను బావా. ఈలందరూ సాచ్చెం."

ఆ మాట జారిపోకుండా పట్టుకున్నాను.

*

మా గుండె డాక్టరు మొదట నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత ట్రెడ్‌మిల్ ఎక్కించి పరిగెత్తించాడు. ఎకో తీశాడు. రెండు వారాలాగి మళ్ళీ పరిగెత్తించాడు. "మీ పైపులు కొత్తవి రమణమూర్తిగారూ. ఈ గదిలో మీ గుండె కంటే నా గుండెకే గ్యారంటీ తక్కువ," అని సంతకం పెట్టాడు. పన్నెండు మీటర్లకి మించి దిగొద్దన్నాడు. ఆయాసం అనిపిస్తే ఆ నిమిషమే పైకొచ్చెయ్యమన్నాడు.

గౌరీశ్వరి మూడురోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు మందులు చేతిలో పెడుతూ, "ఎవులి మీద పంతానికి ఎల్తన్నారో నాకు తెలవదనుకోకండి," అంది. "మా అన్నియ్య ఎగతాళి మనిషి గాని సెడ్డోడు కాదు. మీరూ నవ్వీసి ఒదిలీయొచ్చు గదా."

"నువ్వు నవ్వావుగా, అది చాలు," అన్నాను.

మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. నాకు జాలెయ్యలేదు.

రుషికొండ బీచి పక్కన రేకుల షెడ్డులో నేర్పుతారు. నేర్పే అమ్మాయి పేరు ధనశ్రీ, ఇరవై ఆరేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న ఇప్పటికీ పడవెక్కి వేటకెళ్తాడు. నల్లగా, గట్టిగా, అడిగినదానికి సూటిగా సమాధానం చెప్పే పిల్ల. నా కాగితాలన్నీ చదివి, డాక్టరుకి తనే ఫోను చేసి మాట్లాడి, అప్పుడు చేర్చుకుంది. బావకి కూడా ఒక ఫారం ఇచ్చింది. అందులో రోగాల పట్టీ ఉంది, ఎదురుగా అవును, కాదు. బావ పైనుంచి కిందిదాకా కాదు, కాదు అని గీతలు గీసుకుంటూ పోయాడు.

"సూసినావా బావా, నీ కాయితం నిండా రోగాలే. నాది తెల్లగా ఉన్నాది."

"నలభై ఐదు దాటితే డాక్టరు సంతకం ఉండాలి అంకుల్," అంది ధనశ్రీ.

బావ మొహంలో ఒక్క క్షణం ఒక వెలుగు కనిపించింది. తప్పించుకునే దారి దొరికినవాడి వెలుగు. "మరి నాను డాక్టరు మొకం సూసి ఎరగను తల్లీ, ఎవులు పెడతారు నాకు సంతకం?" అన్నాడు.

"నేను పెట్టిస్తాను పద," అన్నాను.

ఆటోనగర్‌లో వెల్డింగు షాపుల మధ్య ఒక మేడ మీద నాకు తెలిసిన ఆర్ఎంపీ ఒకడున్నాడు. చీటీ అడిగితే పేరు కూడా అడక్కుండా రాసిస్తాడు. మేడకి ఇరవై నాలుగు మెట్లు. నేను ముందు ఎక్కుతున్నాను. పదో మెట్టు మీద వెనకాల చెప్పుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే బావ వంగి చెప్పు సర్దుకుంటున్నాడు. పద్దెనిమిదో మెట్టు దగ్గర మళ్ళీ ఆగాడు. "ఈ ఎండలొకటి," అన్నాడు. నుదురంతా చెమట. ఎడమ దవడ రుద్దుకుంటున్నాడు.

"ఏంటది?" అన్నాను.

"పన్నుపోటు. నాలుగు దినాల్నుంచి."

నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాను. నాకు పోటు రావడానికి ఆర్నెల్ల ముందు నేనూ ఇలాగే మెట్ల మధ్యలో చెప్పు సర్దుకునేవాణ్ణి. ఇలాగే దవడ రుద్దుకుని పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. నిక్షేపంలాంటి పన్ను పీకించుకుని ఇంటికొచ్చాను. ఆ ఖాళీలో నాలుక పెట్టి తడుముకున్నాను ఆ మెట్ల మీద. బావకి ఏం జరుగుతోందో ఆ మేడ మీదున్న ఆర్ఎంపీ కంటే నాకే బాగా తెలుసు.

బావా, ఒక్క ఈసీజీ తీయించుకో. అనాల్సింది అంతే. అంటే తీయించుకునేవాడు కూడానేమో. కానీ తీయించుకుంటే దిగడు. దిగకపోతే, నాకు దిగాల్సిన పనే లేకపోనాది అని దాన్నీ ఒక కథ చేసి నలుగురిలో చెప్తాడు.

"పద, ఇంకా ఆరే," అన్నాను.

ఆర్ఎంపీ మెడలో స్టెత్ మెడలోనే ఉంది. బీపీ చూస్తానంటే బావ, "నన్ను ముట్టుకుంటే నీకే రోగాలొస్తాయి," అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. సంతకం అయిపోయింది.

*

నీళ్ళలో దిగకముందు సైగలు నేర్పింది ధనశ్రీ. నీళ్ళకింద మాట లేదు, చేతులే అంది. మా ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళు మేము బతికిందే చేతులతో.

బావ మాత్రం ప్రతి సైగా తప్పే చేశాడు. బాగుందా అని అడిగితే బొటనవేలు పైకి లేపేవాడు. "బొటనవేలంటే పైకెళ్ళిపోదాం అని అంకుల్. బాగుంటే ఇలా సున్నా చుట్టాలి," అని ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే. పూల్లో అయితే నాలుగుసార్లు చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చింది. బావ తల బయటపెట్టి, "బాగుందంటే బయిటికి ఈడ్సీస్తావేటి తల్లీ," అనేవాడు.

తర్వాత ధనశ్రీ పిడికిలి బిగించి గుండె మీద పెట్టుకుంది. "ఇది ముఖ్యం. నా సిలిండర్లో గాలి తక్కువైపోయింది అని. ఇది చూపిస్తే పక్కవాళ్ళు వెంటనే వచ్చి తమ రెండో గొట్టం నోటికి అందించాలి."

బావ పగలబడి నవ్వాడు. "ఓలమ్మ, ఇది మా బావ సిగ్నలు తల్లీ." లేచాడు, కళ్ళు తేలేశాడు, ఆయ్ అన్నాడు, గౌరీ అన్నాడు. ధనశ్రీకి నా సంగతి తెలుసు, అయినా ఆపుకోలేక నవ్వేసింది. పన్నెండోసారి. నేనూ నవ్వాను.

"మీ పోర్టులో పిడికిలంటే ఏంటి?" అనడిగింది తేరుకుని.

"ఆగిపొమ్మని," అన్నాను.

"చూశారా మరి. మీ పిడికిలి వేరు, మా పిడికిలి వేరు. మీరిద్దరూ పాత అలవాటులో మర్చిపోతారు. రోజూ ప్రాక్టీసు చెయ్యండి."

నేను చేశాను. అద్దం ముందు నిలబడి చేశాను. వారం తర్వాత ఆ పిల్ల చిన్న పరీక్ష పెట్టింది. తను ఇరవై సైగలు చేస్తుంది, మేము అర్థాలు రాయాలి. నాకు ఇరవైకి ఇరవై వచ్చాయి. బావకి పదకొండు. ఆ కాగితాలు షెడ్డు గోడకి అంటించింది. బావ నా కాగితం ముందు నిలబడి తల ఊపాడు.

"ఇరవైకి ఇరవై. నా సేతికింద ఇరవై ఏళ్ళున్నావు గదా బావా. ఏడాదికో మార్కు," అన్నాడు. ఎగతాళి లేకుండా నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

సముద్రంలో మొదటిసారి దిగిన రోజు నాకిప్పటికీ గుర్తుంది. ఈ గొడవంతా లేకపోతే దాన్ని గురించే ఈ కథ చెప్పేవాణ్ణి. పడవ అంచు మీంచి వెనక్కి పడ్డాం. తాడు పట్టుకుని మెల్లగా కిందికి. చెవుల్లో బిగువు, ముక్కు మూసుకుని ఊదితే విడిపోయింది. ఆకుపచ్చటి వెలుగు. బండరాళ్ళు, వాటి చుట్టూ చారల చేపలు గుంపుగా. చప్పుడు లేదు. నా ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆపరేషన్ తర్వాత ప్రతి ఊపిరినీ ఇంట్లో అందరూ లెక్కపెట్టేవాళ్ళు. ఇక్కడ నా ఊపిరి నాకే. మాస్కు లోపల ఏడ్చేశాను. అరవై రెండేళ్ళకి సముద్రం అంటే ఏమిటో తెలిసిందని సంతోషంతో ఏడ్చాను.

బావ గాలి అందరికంటే ముందు అయిపోయేది. నాకు సగం ఖర్చయ్యేసరికి బావది అడుగంటేది. పైకొచ్చి పడవ చెక్క మీద వెల్లకిలా పడుకునేవాడు, మొహం బూడిదరంగు. "ఉప్పునీళ్ళు మింగీసినాను," అనేవాడు. ధనశ్రీ ఒకసారి, "ఈయన మళ్ళీ ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిది," అంది నాతో.

"పడవ ఊపుకి కడుపులో తిప్పుతోందమ్మా, అంతే," అన్నాను.

బావ అది విన్నాడు. కృతజ్ఞతగా నా వైపు చూశాడు. తను భయపడుతున్న సంగతి నేను దాచిపెడుతున్నాననుకున్నాడు.

*

చందనోత్సవం ముందు ఆదివారం ఆఖరి డైవు. అది అయిపోతే ఇద్దరికీ సర్టిఫికెట్లు. ఇంట్లో వాళ్ళంతా బీచికి వచ్చారు, గౌరీశ్వరి, బావ భార్య నూకాలు, పులిహోర డబ్బాతో సహా. పడవెక్కేముందు నూకాలు బావ నుదుట బొట్టు పెడితే, "పెళ్ళికొడుకుని సేసీసినావేటి," అన్నాడు. ఆ రోజు మరి ఎగతాళి చెయ్యలేదు. పడవలో నా పక్కన కూర్చుని, "బావా, దగ్గిరుండు," అన్నాడు మెల్లగా. నేను విననట్టు కాలికి తొడిగిన ఫిన్ను పట్టీ బిగించుకున్నాను.

ముప్పై అడుగుల లోతులో ఉన్నాం. పడవ లంగరు తాడు ఎవరో వదిలేసిన పాత వలలో చిక్కుకుంది. ధనశ్రీ మా ఇద్దరికీ అరచెయ్యి చూపించి అక్కడే ఉండమంది. రెండు చూపుడు వేళ్ళు జతచేసి, ఒకరినొకరు చూసుకోమంది. కత్తి తీసి ఆరేడు గజాల అవతలికి వెళ్ళి, మాకు వీపు పెట్టి వల కోస్తోంది.

బావ నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించి గుండె మీద పెట్టుకున్నాడు.

నిజం చెప్తాను. మొదట నాకు వచ్చింది కోపం. ఇక్కడ కూడానా అనుకున్నాను. నవ్వడానికి ఎవరూ లేని చోట కూడా వదలడా అనుకున్నాను. ఆ తర్వాత బావ కళ్ళు చూశాను. ఎగతాళి చేసేవాడి కళ్ళు అలా ఉండవు. బుడగలు ఒకదాని మీదొకటి తోసుకొస్తున్నాయి. పిడికిలితో రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. మళ్ళీ నా వైపు చూశాడు. గాలి తక్కువని చెప్తున్నాడో, గుండె నొప్పని చెప్తున్నాడో బావకే తెలియాలి. ఏదైనా నా రెండో గొట్టం అందించాలి, పైకి తీసుకెళ్ళాలి. ఆ సంగతి నాకు పరీక్షలో రాసినంత స్పష్టంగా తెలుసు.

నేను కదల్లేదు. ఒక ఊపిరి తీసి వదిలాను. ధనశ్రీ నేర్పినట్టు పొడుగ్గా, నింపాదిగా. ఇప్పుడు తెలిసిందా బావా అనుకున్నాను. రెండోది. మూడోది. బావ నా వైపు చెయ్యి చాపాడు. నాలుగోది. ఐదోది. బావ చెయ్యి కిందికి జారింది. ఆరోది తీసుకుంటుండగా బావ నోట్లోంచి గొట్టం ఊడిపోయింది. అప్పుడు వెళ్ళాను.

తర్వాత అంతా నేనే చేశాను. గొట్టం నోట్లో కుక్కాను, చంకకింద పట్టుకున్నాను, ధనశ్రీ వచ్చేసరికి సగం దూరం పైకి తెచ్చేశాను. పడవలో ఆ పిల్ల బావ రొమ్ము మీద చేతులు వేసి నొక్కుతూనే ఉంది, ఒడ్డు చేరేదాకా ఆపలేదు. ఒడ్డున పులిహోర డబ్బా పట్టుకుని గౌరీశ్వరి నిలబడి ఉంది.

*

బావ బతికాడు. పెద్ద గుండెపోటు, దాని మీద నీళ్ళు మింగడం, మెదడుకి గాలందకపోవడం. పదిహేడు రోజులు ఐసీయూలో ఉంచారు. మాట పడిపోయింది, ఎడమవైపు చచ్చుబడింది. "మతి పోలేదు, అన్నీ తెలుస్తున్నాయి. చెప్పలేడు, రాయలేడు, అంతే," అన్నాడు డాక్టరు.

ఆ మొదటిరోజే ఆస్పత్రి వరండాలో ధనశ్రీ నన్నడిగింది. తడి బట్టలతోనే ఉంది. "ఆయన మీకేం సైగ చెయ్యలేదా అంకుల్?"

"చేశాడమ్మా. పిడికిలి చూపించాడు."

ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ క్రేను పిడికిలి అనుకున్నారు. ఆగమంటున్నాడనుకుని ఆగిపోయారు. నేను ముందే అనుకున్నాను, మీరిద్దరూ మర్చిపోతారని." గోడకి జారబడి కూర్చుని ఏడ్చింది. "నా తప్పు. మిమ్మల్నిద్దర్నీ జత చెయ్యకూడదు. నేను అటు తిరక్కూడదు."

ఆ మాట నేను కల్పించలేదు. ఎవరో చేతిలో పెట్టారు, నేను గుప్పిట మూశాను, అంతే. సాయంత్రానికి వరండాలో అందరి నోటా అదే మాట. నూకాలు నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "ఆయన సిగ్నలు పొరపాటుగా ఇచ్చీసినా నువ్వు పైకి తెచ్చినావు అన్నయ్యా. నువ్వు లేకపోతే నా పుస్తెలు లేవు," అంది. గౌరీశ్వరి దగ్గరికొచ్చింది. నా తల నిమిరింది. పెళ్ళయిన ఈ ముప్పై ఏడేళ్ళలో నా వైపు అంత గౌరవంగా ఎప్పుడూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, నాకు ఆ చూపు తియ్యగా ఉంది.

ధనశ్రీని పనిలోంచి తీసేశారు. మొన్నామధ్య ఫిషింగ్ హార్బరులో కనిపించింది, వాళ్ళమ్మ పక్కన కూర్చుని చేపలు ఏరుతోంది. నన్ను చూసి లేచి నిలబడి, "పెద్దంకుల్ ఎలా ఉన్నారు?" అంది. బాగున్నాడన్నాను. నా కళ్ళలోకి చూడలేక తల దించుకుంది. ఆ పిల్ల తల దించుకోవడమేమిటి, చెప్పండి. నేను చేపలు తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడు శ్రావణం. రోజూ సాయంత్రం ఐదింటికి బావ ఇంటికి వెళ్తాను. గౌరీశ్వరే పంపిస్తుంది. కిటికీ పక్కన మంచం. బావకి మిగిలింది కుడిచెయ్యి ఒక్కటే. దాంతో పోర్టు సైగలు చేస్తాడు, వాళ్ళింట్లో ఎవరికీ అర్థం కావు. వేలు పైకి తిప్పితే లేపి కూర్చోబెట్టమని, కిందికి తిప్పితే పడుకోబెట్టమని నేనే వాళ్ళకి నేర్పాను. కొత్త సైగ ఏదన్నా చేస్తే నూకాలు నాకు ఫోను చేస్తుంది. నేను వెళ్ళి అర్థం చెప్తాను. ఇద్దరికీ ఎంత ప్రేమో అని వీధివాళ్ళు అనుకుంటారు.

ఒక్క సైగ మాత్రం నేను వెళ్తేనే చేస్తాడు. ఐసీయూలోంచి ఇంటికి తెచ్చిన రోజు మొదలుపెట్టాడు. ఆ రోజు గది నిండా చుట్టాలున్నారు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే కుడిచెయ్యి పిడికిలి బిగించి గుండె మీద పెట్టుకున్నాడు. రెండుసార్లు కొట్టుకున్నాడు. తర్వాత చెయ్యి విప్పి ఐదు వేళ్ళూ చూపించాడు, మూశాడు, మళ్ళీ విప్పాడు. అలా మొత్తం నాలుగుసార్లు. చివర్లో మళ్ళీ పిడికిలి గుండె మీద పెట్టి, అలాగే ఉంచాడు.

ఎవరూ నవ్వలేదు. గౌరీశ్వరి చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇరవై," అని లెక్కపెట్టింది నూకాలు. "ఇరవై ఏటి అన్నయ్యా?"

షెడ్డు గోడ మీద నా కాగితం నా కళ్ళముందు కనిపిస్తోంది. ఇరవైకి ఇరవై.

"ఇరవై ఏళ్ళు కలిసి పనిచేశాం కదమ్మా," అన్నాను. "అదంటున్నాడు."

"మరి ఆ పిడికిలేటి?"

బావ కళ్ళు నా మీదే ఉన్నాయి. మాస్కు లేదు, అంతే తేడా. అవే కళ్ళు.

"ఆగమంటున్నాడు. ఇంకాసేపు ఉండమంటున్నాడు."

"మరి కూకో అన్నయ్యా," అని నూకాలు మంచం పక్కకి కుర్చీ లాగింది. కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళయినా బావ పిడికిలి విప్పలేదు.